సీసా అడిగితే పీట తెచ్చిన చెవి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో నాలుగు చెవి లోపలి భాగాన్ని గురించి అడిగినవే. అడిగిన తీరు వేరైనా, నాలుగింటి జవాబులూ బఠాణీ గింజంత ఉండే ఒకే అవయవంలో ఉన్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాను. మొదటి ప్రశ్నకు జవాబు పొడుగైంది. తరువాతి వాటికి అదే పునాది గనుక పాఠకులు దానిని ఓపికగా చదవాలని కోరుతున్నాను.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. నేను ఉపాధ్యాయుడిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. వయసు 71. ఎవరైనా మాట్లాడితే శబ్దం వినిపిస్తోంది గాని, మాట మాత్రం తెలియడం లేదు. మొన్న మా ఇంటావిడ వంటింట్లోంచి "సీసా పట్టుకురండి" అంటే నేను పీట పట్టుకెళ్ళాను. గట్టిగా చెప్పమంటే అరుస్తుంది, అప్పుడు చెవిలో మోత పుట్టి బాధగా ఉంటుంది. చెవుడు వస్తే అన్ని శబ్దాలూ సమానంగా తగ్గాలి కదా, ఇదేమి చిత్రం?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అంబాజీపేట మండలం

జవాబు: మాస్టారూ, జవాబుకు కావలసిన ఆధారమంతా మీ ఉత్తరంలోనే ఉంది. సీసా, పీట అన్న రెండు మాటల్లోనూ అచ్చులు దాదాపు ఒకటే. తేడా అంతా హల్లులలో ఉంది. మీ చెవి అచ్చులను పట్టుకుంది, హల్లులను జారవిడిచింది, ఖాళీగా మిగిలిన చోట మెదడు తనకు తోచిన హల్లులు పెట్టి ఒక మాట తయారు చేసుకుంది. అచ్చులు కంఠనాదంతో పుట్టే బలమైన ధ్వనులు, వాటి పౌనఃపున్యం, అంటే సెకనుకు వచ్చే కంపనాల లెక్క, తక్కువ. ‘స’ అలా కాదు. పళ్ళ సందున గాలి ఒరుసుకుంటూ వచ్చే సన్నని ధ్వని అది, దాని బలం చాలావరకు సెకనుకు 4000 కంపనాలకు పైన ఉంటుంది. వయసు మళ్ళిన చెవి మొదట పోగొట్టుకునేది ఈ పై అంచునే. అది ఎందుకో తెలియాలంటే లోపలి చెవి కట్టుబడి చూడాలి.

కర్ణభేరిని తాకిన శబ్దం దాని వెనుకనున్న కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు ఎముకల గుండా లోపలికి చేరుతుంది. వాటిలో చివరిదైన అంకవన్నె మన శరీరంలోని ఎముకలన్నింటిలోకీ చిన్నది. 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా, వడ్లగింజలో సగం కూడా ఉండదు. దాని అడుగు పలక ఒక చిన్న కిటికీలో అమరి, అవతలనున్న ద్రవాన్ని ముందుకూ వెనక్కూ తోస్తుంది. ఆ ద్రవం నిండిన గొట్టమే కర్ణావర్తం, అంటే కాక్లియా. నత్తగుల్లలా రెండున్నర చుట్లకు కాస్త పైగా తిరిగి ఉంటుంది. చుట్ట విప్పి సాగదీస్తే సుమారు 35 మిల్లీమీటర్ల పొడవు. ఈ గొట్టం పొడవునా మధ్యలో ఆధార త్వచం అనే పొర పరచి ఉంటుంది. కిటికీ దగ్గర ఈ పొర ఇరుకుగా, బిగువుగా ఉంటుంది. లోపలి కొసకు పోయేకొద్దీ వెడల్పై, వదులై, చివరకు మొదటికంటే దాదాపు 5 రెట్లు వెడల్పవుతుంది.

కోనసీమవారికి దీనిని కాలువతో పోల్చి చెప్పడం సులువు. బొబ్బర్లంక దగ్గర తలుపులెత్తితే నీరు కాలువ తల నుంచి బయలుదేరి, దారిలో ఒక్కొక్క బోదెకూ పంచుకుంటూ సముద్రం వైపున్న శివారు చేలదాకా పోతుంది. అలాగే కిటికీ దగ్గర పుట్టిన అల కూడా పొర మీదుగా లోపలికి సాగుతుంది. ప్రతి అలకూ తనదైన ఒక చోటు ఉంది. అక్కడ ఎత్తుగా లేచి, ఆ వెంటనే అణగిపోతుంది. సన్నని శబ్దాల అలలు కాలువ తల దగ్గరే లేచి ముగుస్తాయి, బొంగురు శబ్దాల అలలు శివారుదాకా పోతాయి. ‘స’ అన్న ధ్వని కిటికీకి దగ్గరలో, మృదంగం తొప్పి మీది గంభీరమైన నాదం లోపలి కొసన వినిపిస్తాయన్నమాట. ఈ అలను మొదట కళ్ళతో చూసినవాడు బుడాపెస్టులో తపాలా శాఖ ప్రయోగశాలలో టెలిఫోనుల మీద పనిచేసిన గియోర్గ్ ఫాన్ బేకేషీ. మరణించినవారి చెవులను తీసుకొని, పొర మీద వెండి రేణువులు చల్లి, మిణుకుమిణుకుమనే వెలుగులో ఆ అల కదలికను కొలిచాడు. అందుకు 1961లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

నా బల్ల మీద గినీపంది చెవి నుంచి కోసిన పలుచని ముక్క ఉన్న గాజుపలక ఒకటి ఇప్పటికీ ఉంది. కర్ణావర్తాన్ని చుట్టి కణతలో ఉన్న ఎముక శరీరంలోని ఎముకలన్నింటిలోకీ గట్టిది కాబట్టి, వారాల తరబడి ద్రావణంలో నానబెట్టి సున్నం తీసేస్తేగాని కత్తికి లొంగదు. ఆ ముక్కను సూక్ష్మదర్శిని కింద పెడితే చుట్టలన్నీ నిలువుకోతలో గుండ్రని గదుల్లా, నడిమి స్తంభానికి అటూ ఇటూ జంటలుగా కనిపిస్తాయి. ప్రతి గదినీ రెండు పొరలు మూడు అరలుగా విడదీస్తాయి. ఆధార త్వచం మీద గులాబీ రంగులో చిన్న గుడారం లాంటి త్రికోణపు సొరంగం, దానికి లోపలి వైపున ఒకే ఒక కణం, బయటి వైపున ఏటవాలుగా మూడు కణాలు, వాటన్నింటి మీదా నాలుకలా చాచిన మరొక మెత్తని పొర ఉంటాయి. మూడు దశాబ్దాలు విద్యార్థులకు చూపించినా ఈ దృశ్యం నాకు పాతబడలేదు. దీనిని 1851లో వివరించిన ఇటలీ దేశస్థుడు అల్ఫోన్సో కోర్టీ పేరుమీదే దీన్ని కోర్టీ అంగం అంటున్నాం.

ఆ ఒకటీ మూడూ అన్న లెక్కలోనే మీ జబ్బు ఉంది. తలమీద వెంట్రుకల్లాంటివి ఉంటాయి గనుక ఈ కణాలను రోమ కణాలంటారు. లోపలి వరుసలోనివి ఒక్కొక్క చెవిలో 3,500 దాకా, బయటి మూడు వరుసల్లోనివి 12,000 దాకా ఉంటాయి. మెదడుకు కబురు పంపేవి ముఖ్యంగా లోపలి వరుసవే. శ్రవణ నాడిలో సుమారు 30,000 పోగులుంటే, అందులో నూటికి 90కి పైగా ఆ వరుసకే చేరుతాయి. మరి బయటివాటి పనేమిటి? అవి కండరాల్లాగా పనిచేస్తాయి. శబ్దం వచ్చినప్పుడు సెకనుకు వేలసార్లు పొట్టిగానూ పొడుగ్గానూ సాగుతూ, కింది పొర ఊపును తామే పెంచుతాయి. ఊయలను అదను చూసి తోసే చెయ్యి లాంటివి అవి. అందువల్లనే మెల్లని గుసగుస కూడా లోపలి కణాలకు అందుతుంది, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు ధ్వనులు విడివిడిగా తెలుస్తాయి. బేకేషీ చూసిన అల బతికున్న చెవిలో అంతకంటే ఎన్నో రెట్లు పదునుగా ఉండటానికి కారణం ఇదే. చనిపోయిన చెవిలో ఈ తోడ్పాటు ఉండదు కదా. ఇలా ఊగే కణాల నుంచి కొంత శబ్దం బయటికి కూడా వస్తుందని 1978లో డేవిడ్ కెంప్ చూపించాడు. పురిటిబిడ్డ చెవిలో చిన్న గొట్టం పెట్టి, బిడ్డ నిద్రపోతుండగానే వినికిడిని పరీక్షించే పద్ధతి దాని నుంచే వచ్చింది.

వయసుతోపాటు ముందుగా రాలిపోయేవి ఈ బయటి కణాలే, అందులోనూ కిటికీకి దగ్గరగా ఉన్నవి. మన కాలువలలో నీరందక ఎండేవి శివారు చేలు. చెవిలో దీనికి తలకిందులు, తల దగ్గరి చేలే ముందు బీడు పడతాయి. ఏ అలైనా వాటి మీదుగానే లోపలికి పోవాలి. పైగా అక్కడి బయటి కణాలు కొసన ఉన్నవాటికంటే సహజంగానే సున్నితమైనవి. అందుకే మీకు ‘ఈ’, ‘ఆ’ వినిపిస్తున్నాయి, ‘స’ పోయింది.

ఇక అరుపు బాధ సంగతి. బయటి కణాలు పెంచేది ముఖ్యంగా మెల్లని శబ్దాలనే. గట్టి శబ్దానికి వాటి సాయం అక్కరలేదు. అవి పోయినప్పుడు మెల్లని మాట మీదాకా రాదు, గట్టి అరుపు మాత్రం పూర్వం ఉన్నంత గట్టిగానూ వస్తుంది. వినిపించీ వినిపించని స్థాయికీ భరించలేని స్థాయికీ మధ్యనున్న జాగా ఇరుకైపోయింది. అమ్మగారు కోపంతో అరవడం లేదు, మీరు విసుగుతో చెవులు మూసుకోవడమూ లేదు. ఇద్దరికీ మధ్య ఇబ్బంది పెడుతున్నది ఆ ఇరుకే. ఈ మాట ఆమెకు కూడా చదివి వినిపించండి.

చేయవలసినవి చెబుతాను. వినికిడి పరీక్ష చేయించుకొని, ఆ పరీక్ష గీతను బట్టి పై పౌనఃపున్యాలను మాత్రమే పెంచి, గట్టి శబ్దాలను అదుపులో ఉంచేలా సరిచేసిన వినికిడి యంత్రం పెట్టుకోండి. పరీక్ష లేకుండా అంగట్లో కొన్న యంత్రం అన్నింటినీ ఒకేలా పెంచి మీ బాధను రెట్టింపు చేస్తుంది. యంత్రం పెట్టుకున్న మొదటి వారాల్లో పళ్ళేల చప్పుడు కూడా కటువుగా తోస్తుంది. మెదడు ఆ ధ్వనులకు మళ్ళీ అలవాటు పడేదాకా రోజూ కొన్ని గంటలు పెట్టుకుంటూ ఉండాలి. అమ్మగారు వంటింట్లోంచి కాక, మీ ఎదుటికి వచ్చి, మామూలు గొంతుతో కాస్త నిదానంగా మాట్లాడాలి. ‘ప’ పలకాలంటే పెదవులు కలవాలి, ‘స’ పలికితే కలవవు. ఆ రోజు మీరు ఆమె ముఖం చూసి ఉంటే పీట తెచ్చేవారు కారు.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ రెండో సంవత్సరం జంతుశాస్త్రం చదువుతున్నాను. నాడీకణంలో సోడియం లోపలికి వస్తే ఉత్తేజం కలుగుతుంది, పొటాషియం బయటికి పోతే తగ్గుతుంది అని నేర్చుకున్నాం. చెవి పాఠంలో మాత్రం రోమ కణంలోకి పొటాషియం లోపలికి వస్తుంది అని ఉంది. ఇది అచ్చుతప్పా? అసలు వెంట్రుక వంగితే విద్యుత్తు ఎలా పుడుతుంది?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా, పాఠం సరిగానే ఉంది. నీకు అనుమానం రావడం కూడా సరైనదే.

కర్ణావర్తంలో మూడు అరలున్నాయని పై జవాబులో చెప్పాను. పై అరలోనూ కింది అరలోనూ ఉండే పరలసికలో సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ. అది శరీరంలో మామూలుగా కణాల వెలుపల ఉండే ద్రవం వంటిదే. నడిమి అరలోని అంతరలసిక దీనికి పూర్తిగా వేరు. కణం లోపల ఉండవలసినంత పొటాషియం అందులో ఉంటుంది, పైగా పరలసికతో పోలిస్తే అక్కడ సుమారు 80 మిల్లీవోల్టుల ధన విద్యుత్ పీడనం ఉంటుంది. రోమ కణం లోపలి భాగం ఋణ విద్యుత్తుతో ఉంటుంది. రెండింటికీ మధ్య తేడా 120 మిల్లీవోల్టులు దాటుతుంది కాబట్టి, తలుపు తెరిస్తే చాలు, ధన అయాను లోపలికి దూకుతుంది. అక్కడ సమృద్ధిగా ఉన్న ధన అయాను పొటాషియమే. కణం తల అంతరలసిక వైపు, మొదలు పరలసిక వైపు ఉంటాయి. తలలోంచి లోపలికి వచ్చిన పొటాషియం మొదట్లోంచి మళ్ళీ బయటికి జారిపోతుంది. రెండు దారులూ పల్లమే. దీని అందం ఏమిటంటే, ఎత్తిపోసే ఖర్చు రోమ కణం భరించదు. పక్క గోడకు అంటుకొని ఉన్న స్ట్రియా వాస్క్యులారిస్ అనే పొర పొటాషియాన్ని నడిమి అరలోకి తోడిపోస్తూ ఉంటుంది. అవయవాల మీద పొరలా పరుచుకునే ఉపకళా కణజాలంలో రక్తనాళాలు ఉండవని నీవు చదివి ఉంటావు; ఈ పొర ఆ నియమానికి అరుదైన మినహాయింపు. ఊపిరి పీల్చినంత మెల్లని శబ్దాన్ని కూడా పట్టవలసిన కణానికి దూరంగా రక్తం ప్రవహించడం నాకు చాలా సబబైన ఏర్పాటుగా తోస్తుంది.

ఇక తలుపు సంగతి. రోమ కణం తలమీద ఉన్నవి నిజానికి వెంట్రుకలు కావు, యాక్టిన్ అనే ప్రోటీను పోగులతో బిగువుగా నిండిన సన్నని పుల్లలు. వాటిని స్టీరియోసీలియా అంటారు. అవి పొట్టివి, నడిమివి, పొడుగువి అన్న క్రమంలో మెట్లుగా నిలబడి ఉంటాయి. ప్రతి పొట్టి పుల్ల కొస నుంచి పక్కనున్న పొడుగు పుల్ల పక్క భాగానికి ఒక దారం కట్టి ఉంటుంది. ఈ దారాన్ని 1984లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గుర్తించారు. పుల్లల కట్ట పొడుగు వైపు వంగితే దారం బిగిసి, పొట్టి పుల్ల కొసనున్న తలుపును లాగి తెరుస్తుంది. వెనక్కి వంగితే దారం వదులై తలుపు మూసుకుంటుంది. రసాయన మధ్యవర్తి ఏదీ లేకుండా దారం నేరుగా తలుపును లాగుతుంది కాబట్టే సెకనుకు వేలసార్లు తెరుచుకుని మూసుకునే వేగం సాధ్యమైంది. అతి మెల్లని శబ్దానికి కింది పొర కదలిక ఒక నానోమీటరుకంటే తక్కువ, అది కూడా చాలుతుంది. పొటాషియం లోపలికి రాగానే కణం మొదట్లో కాల్షియం తలుపులు తెరుచుకుంటాయి, నాడికి కబురందించే గ్లూటమేట్ అనే రసాయనం విడుదలవుతుంది, నాడి పోగు మేలుకుంటుంది.

ఇదే తలుపు గుండా ప్రమాదం కూడా లోపలికి వస్తుంది. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి మందులు ఈ తలుపులోంచే రోమ కణంలోకి చేరి, తిరిగి పోలేక అక్కడే పేరుకుని దాన్ని చంపగలవు. ప్రాణం నిలపడానికి ఆ మందులు తప్పని సందర్భాలున్నాయి. అలాంటప్పుడు వైద్యులు మూత్రపిండాల పనితీరును, వినికిడిని గమనిస్తూ వాడతారు.

ప్రశ్న: మా ఊరి జాతరలో డీజే పెట్టెల ముందు మూడు గంటలు నిలబడ్డాను. ఆ రాత్రి చెవుల్లో కీచురాళ్ళ రొదలా ఉంది, మాటలు దూరం నుంచి వస్తున్నట్టు అనిపించాయి. మర్నాటి సాయంత్రానికి అంతా సర్దుకుంది. అంటే నష్టమేమీ లేనట్టే కదా? నేను రైసుమిల్లులో పని చేస్తాను. మొదట్లో ఆ మోత భరించలేకపోయేవాడిని, ఇప్పుడు అలవాటై బాధ అనిపించదు. చెవి గట్టిపడిందనుకోవచ్చా?
– ఒక యువకుడు, తణుకు దగ్గర

జవాబు: చెవి గట్టిపడదు. చేతికి కాయ కాస్తుంది, రోమ కణానికి కాయదు. మోత బాధ అనిపించకపోవడానికి ఒక కారణం మీ మనసు దానికి అలవాటు పడటం. రెండో కారణం వినికిడే కొంత తగ్గి ఉండటం. మీకు ఏది వర్తిస్తుందో వినికిడి పరీక్షలోనే తెలుస్తుంది. మోత వల్ల కలిగిన నష్టం మొదట ఆ పరీక్ష గీతలో 4000 కంపనాల దగ్గర ఒక గుంటలా కనిపిస్తుంది, మామూలు సంభాషణలో దాని జాడ చాలాకాలం బయటపడదు.

జాతర రాత్రి జరిగింది ఇది. విపరీతమైన ఊపుకు పుల్లల మధ్య దారాలు తెగుతాయి, పుల్లలు వాలిపోతాయి, కణాలు అలసిపోతాయి. దారాలు ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ కట్టుకుంటాయి కాబట్టి వినికిడి తిరిగి వచ్చినట్టుంటుంది. అయితే 2009లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలలో, వినికిడి పూర్తిగా తిరిగి వచ్చిన చెవులలో కూడా లోపలి రోమ కణాలకూ నాడి పోగులకూ మధ్యనున్న అతుకులు కొన్నిచోట్ల సగం దాకా శాశ్వతంగా ఊడిపోయి ఉన్నాయని తేలింది. కాబట్టి మర్నాటికి తగ్గింది కనుక నష్టం లేదని నేను చెప్పలేను. ఇక కణమే చచ్చిపోతే మనిషిలో దాని చోట ఇంకొకటి పుట్టదు. కోడి చెవిలో మళ్ళీ పుడతాయి. మనకు మాత్రం తల్లి కడుపులో ఉండగా తయారైనవే జీవితాంతం.

లెక్క కూడా తెలుసుకోండి. 85 డెసిబెల్ల మోతలో రోజుకు 8 గంటలు పనిచేయడాన్ని హద్దుగా చెబుతారు. 3 డెసిబెల్లు పెరిగితే చెవిలోకి పోయే శక్తి రెట్టింపవుతుంది, కాబట్టి కాలం సగమవ్వాలి: 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 100కు చేరితే పావుగంట. డీజే పెట్టెల ముందు 100 దాటడం మామూలే, మీరు నిలబడ్డది మూడు గంటలు. చేయి చాచినంత దూరంలో ఉన్న మనిషితో అరిస్తేగాని మాట్లాడలేకపోతే, అక్కడి మోత 85 దాటిందని గుర్తుపెట్టుకోండి. కొలిచే పరికరం అక్కరలేదు. మిల్లులో చెవులను పూర్తిగా మూసే కప్పులుగాని, చెవిలో పెట్టుకునే నురుగు బిరడాలుగాని వాడండి. దూది పెట్టుకుంటే చాలదు. ఇది యజమాని సమకూర్చవలసిన వస్తువు, అడగడానికి మొహమాటపడవద్దు. జాతరలో పెట్టెల ఎదుటి నుంచి పక్కకు, దూరంగా జరగండి. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్లు తగ్గుతుంది. చంకన పిల్లలను పెట్టుకొని ఆ పెట్టెల పక్కనే నిలబడే తల్లిదండ్రులను నేను ప్రతి ఏటా చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయవద్దు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట లౌడుస్పీకర్లు వాడరాదన్న సంగతి ఉత్సవ సంఘాలవారికి కూడా తెలిసి ఉండాలి.

ప్రశ్న: మా నాన్నగారికి నాలుగు రోజుల క్రితం పొద్దున్న లేచేసరికి ఎడమ చెవి ఒక్కసారిగా వినిపించడం మానేసింది. నొప్పి లేదు. వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె పోస్తే దిబ్బడ విడుతుందని మా ఇంట్లో పెద్దవాళ్ళు పోస్తున్నారు. ఇంకెన్ని రోజులు పోయాలి?
– ఒక గృహిణి, నరసాపురం

జవాబు: అమ్మా, ఇవాళే ఆపేయండి. చెవిలో పోసిన నూనె కర్ణభేరి దగ్గర ఆగిపోతుంది. పైన చెప్పిన కణాలు దానికి అవతల, ఎముక గోడ లోపల ఉన్నాయి. కర్ణభేరికి చిల్లు ఉంటే నూనె మధ్య చెవిలోకి దిగి చీము పట్టిస్తుంది.

నొప్పి లేకుండా ఒక్క పూటలో ఒక చెవి వినిపించకుండా పోవడం గుబిలి వల్ల కావచ్చు, లోపలి చెవికి హఠాత్తుగా కలిగిన దెబ్బా కావచ్చు. రెండోది అయితే అది అత్యవసరం; స్టీరాయిడ్ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం అంత ఎక్కువ, మొదటి రెండు వారాలు దాటితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది. నాలుగు రోజులు ఇప్పటికే గడిచాయి. పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగడం సరికాదని, మీరిచ్చిన నంబరుకు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను, మీరు ఆ రోజే భీమవరం వెళ్ళి చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించామన్నారు. ఇలాంటి ఇబ్బంది ఉన్న మిగతా పాఠకుల కోసం ఇక్కడ అచ్చు వేస్తున్నాను. ఉత్తరం రాయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.